అంకెలు ఉన్నాయి.. మందే లేదు!

మీ ఇంట్లో బీపీ మాత్ర వేసుకునే పెద్దవారు ఒకరైనా ఉండే ఉంటారు. ఆ మాత్రల డబ్బా ఎక్కడుంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. ఫ్రిజ్ మీదో, టీవీ కింద అరలోనో, దేవుడి గూట్లో విభూతి పక్కనో ఉంటుంది. రోజుకు ఒక మాత్రే అయితే దాని ఖర్చు చాలామందికి బయట తాగే ఒక్క టీ కంటే తక్కువ. ఈ వారం మీకు ఆ మాత్ర పుట్టక ముందు బతికిన ఒక పెద్దమనిషి సంగతి చెబుతాను. ఆయనకు వేరే లోటేమీ లేదు. కనిపెట్టుకుని ఉండే సొంత వైద్యుడు, పిలిస్తే పలికే నౌకాదళ ఆసుపత్రి, దేశంలోని పెద్ద పెద్ద నిపుణులు అందరూ ఉన్నారు. ఏ ఏడాది ఆయన రక్తపోటు ఎంతుందో అంకెలతో సహా కాగితం మీద ఉంది. దాన్ని తగ్గించే మందు ఒక్కటే లేదు. ఆయన పేరు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. అమెరికాకు నాలుగుసార్లు అధ్యక్షుడిగా ఎన్నికైన ఒకే ఒక్కడు.

రూజ్‌వెల్ట్ అనగానే చాలామందికి చక్రాల కుర్చీ గుర్తొస్తుంది. 1882లో న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్ పార్క్‌లో కలిగిన కుటుంబంలో పుట్టాడు. 1921 ఆగస్టులో, 39 ఏళ్ల వయసులో, సెలవులు గడపడానికి వెళ్లిన క్యాంపొబెల్లో దీవిలో జ్వరం వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. పోలియో అన్నారు వైద్యులు. ఆ కాళ్లతోనే న్యూయార్క్ గవర్నర్ అయ్యాడు. 1932లో అధ్యక్షుడిగా గెలిచాడు. కాళ్లకు ఇనుప పట్టీలు బిగించుకుని, పక్కన ఒకరి చేయి పట్టుకుని నిలబడి ఉపన్యాసాలు ఇచ్చేవాడు. జార్జియాలోని వార్మ్ స్ప్రింగ్స్ అనే ఊళ్లో వేడినీటి కొలనులో ఈదితే కాళ్లకు కొంత హాయిగా ఉంటుందని తరచూ అక్కడికి వెళ్లేవాడు. ఆ ఊరి పేరు గుర్తుంచుకోండి, మళ్లీ అక్కడికే వస్తాం.

అందరి దృష్టీ ఆ కాళ్ల మీదే ఉంది. ఆయన్ని చంపింది మాత్రం కంటికి కనిపించని జబ్బు.

వయసుకు తగ్గ బీపీయేలే!

1935లో రూజ్‌వెల్ట్ రక్తపోటు 136/78. ఇవాళ మీకు ఆ అంకె వస్తే ఉప్పు తగ్గించండి, నడవండి, మళ్లీ చూద్దాం అంటాను. 1937లో 162/98. 1941 ఫిబ్రవరిలో 188/105. మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే మెడికల్ కాలేజీ మూడో ఏడాది పిల్లలు కూడా మందు మొదలుపెట్టాలని చెబుతారు. అప్పుడు ఎవరూ ఏమీ చేయలేదు.

తప్పంతా ఆయన వ్యక్తిగత వైద్యుడిదే అనుకోకండి. ఆ వైద్యుడు రాస్ మెకింటైర్ చెవి, ముక్కు, గొంతు నిపుణుడు. రూజ్‌వెల్ట్‌కు ఎప్పుడూ జలుబు, సైనస్ బాధ ఉండేది కాబట్టి ఆ పనికి సరిపోతాడని పెట్టుకున్నారు. కానీ అప్పటి గుండె నిపుణుల్లోనూ చాలామంది ఆలోచన అలాగే ఉండేది. వయసు పెరిగితే రక్తనాళాలు గట్టిపడతాయి, వాటిలోంచి రక్తాన్ని తోయాలంటే ఒత్తిడి పెరగాల్సిందే, అది శరీరం చేసుకున్న ఏర్పాటు, దాన్ని కదిలిస్తే ప్రమాదం అని నమ్మేవారు. అప్పటి పేరున్న వైద్య గ్రంథాల్లోనూ ఆ మాటే ఉంది.

నవ్వకండి. వయసుకు వంద కలిపితే ఎంతో అంత బీపీ ఉండొచ్చన్న లెక్క మన ఇళ్లలో ఇప్పటికీ బతికే ఉంది. మా ఓపీలో వారానికి ఒకరైనా చెబుతారు. డెబ్బై ఏళ్లకు 170 ఉంటే ఏమవుతుంది డాక్టరుగారూ అని అడుగుతారు. ఏమవుతుందో రూజ్‌వెల్ట్ ఒంట్లో చూద్దాం.

గుండె ఒక పంపు. ఎదురుగా ఒత్తిడి ఎక్కువైనప్పుడు అది మరింత బలంగా కొట్టాలి. రోజూ బరువులెత్తే వాడి కండలా ఎడమ జఠరిక గోడ మందంగా తయారవుతుంది. కండ పెరిగితే మంచిదేగా అనిపిస్తుంది. కానీ ఈ గోడ మందమైన కొద్దీ బిరుసెక్కుతుంది, కొన్నేళ్లకు అలసిపోతుంది. అలసిన గుండె రక్తాన్ని పూర్తిగా ముందుకు తోయలేదు. వెనక్కి తన్నిన ఒత్తిడితో ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఇదంతా జరగడానికి పదేళ్లు పట్టొచ్చు. ఆ పదేళ్లలో మనిషికి తలనొప్పి కూడా రాకపోవచ్చు. మెదడులో, మూత్రపిండాల్లో, కంటి వెనక ఉండే సన్నటి నాళాలకు కూడా ఇదే గతి.

1944 మార్చి నాటికి రూజ్‌వెల్ట్ మొహం పాలిపోయింది. దగ్గు తగ్గడం లేదు. కొంచెం కదిలితే ఆయాసం. పని మధ్యలో కునికిపాట్లు. కూతురు ఆనా గట్టిగా పట్టుబట్టడంతో మెకింటైర్ ఆయన్ని బెథెస్డా నౌకాదళ ఆసుపత్రికి పంపించాడు. అక్కడ పరీక్షించినవాడు హోవర్డ్ బ్రూయెన్ అనే గుండె వైద్యుడు. అప్పటికి ఆయనకు నలభై కూడా నిండలేదు. పెదవులు, గోళ్లు నీలంగా ఉన్నాయి. గుండె పెద్దదైంది. ఊపిరితిత్తుల అడుగున నీటి చప్పుళ్లు. రక్తపోటు 186/108. అధిక రక్తపోటు, దానివల్ల దెబ్బతిన్న గుండె, ఎడమ జఠరిక వైఫల్యం అని రాశాడు. ప్రపంచ యుద్ధం నడిపిస్తున్న మనిషికి గుండె విఫలమవుతోందని అంతకుముందు రోజు వరకూ ఆయన చుట్టూ ఉన్నవారికే తెలియదు.

బ్రూయెన్ చేతిలో ఉన్నవి

ఆ రోజు బ్రూయెన్ దగ్గర ఏమున్నాయో చూడండి. ఫాక్స్‌గ్లవ్ మొక్క ఆకు నుంచి తీసే డిజిటాలిస్. అది గుండె కొట్టే బలాన్ని పెంచుతుంది, రక్తపోటును తగ్గించదు. నిద్రకు, ప్రశాంతతకు ఫెనోబార్బిటాల్. ఉప్పు తగ్గించమనడం, బరువు తగ్గించమనడం, సిగరెట్లు తగ్గించమనడం, విశ్రాంతి తీసుకోమనడం. అంతే. వీటికి కూడా మెకింటైర్ మొదట ఒప్పుకోలేదు. అధ్యక్షుడు అన్నాళ్లు మంచం మీద ఉండటం కుదరదన్నాడు. బయటి నుంచి వచ్చిన పెద్ద నిపుణులు కూడా చూసి, చర్చించి, చివరికి డిజిటాలిస్ ఇవ్వడానికి సరే అన్నారు.

పది రోజుల్లో ఆయాసం తగ్గింది. ఊపిరితిత్తులు శుభ్రపడ్డాయి. రాత్రి హాయిగా నిద్ర పట్టింది. రోజుకు ఇరవైకి పైగా కాల్చే సిగరెట్లను ఐదారుకు తగ్గించాడు. తర్వాత దక్షిణ కరొలినాలో ఒక స్నేహితుడి ఎస్టేటుకు వెళ్లి దాదాపు నెల రోజులు గడిపాడు. చూసినవారంతా కోలుకున్నాడనే అనుకున్నారు. రక్తపోటు మాత్రం దిగలేదు. నార్మండీ తీరంలో మిత్రరాజ్యాల సైన్యాలు దిగిన జూన్ రోజుల్లో అది 226/118. ఆ తర్వాతి నెలల్లో 260/150 దాకా పోయింది.

లక్షణం తగ్గడం, జబ్బు తగ్గడం ఒకటి కాదని ఆయన కథ చెప్పినంత స్పష్టంగా నేను ఎప్పుడూ చెప్పలేకపోయాను. మా దగ్గరికి వచ్చేవారిలో మాత్ర మానేసినవాళ్లు చెప్పే మొదటి కారణం, బాగానే ఉంది కదా అనే. బీపీ చూపించుకుంటే 128/80 వచ్చిందండీ, ఇక ఎందుకని ఆపేశాను అంటారు. ఆ 128 మాత్ర తెచ్చిన అంకె. మాత్ర ఆపితే కొన్ని రోజుల్లోనో, వారాల్లోనో మళ్లీ పాత చోటికి వెళ్తుంది. బరువు బాగా తగ్గి, ఉప్పు తగ్గించి, నడక పెంచినవాళ్లలో కొందరికి మోతాదు తగ్గించగలం, అరుదుగా ఆపగలం కూడా. అది మీ డాక్టరు అంకెలు చూస్తూ, మెల్లగా చేయాల్సిన పని.

ఇంకో సంగతి. తనను రోజూ వచ్చి చూస్తున్న ఈ కుర్ర డాక్టరు ఎవరు, ఎందుకు ఇన్నిసార్లు ఈసీజీ తీస్తున్నాడు, ఈ మాత్రలు ఏమిటి అని రూజ్‌వెల్ట్ ఒక్కసారి కూడా అడగలేదు. బ్రూయెన్‌కు కూడా అడగకుండా ఏమీ చెప్పొద్దని ఆదేశం ఉంది. అంతటి తెలివైన మనిషి, ప్రపంచ పటం ముందు పెట్టుకుని వేల మైళ్ల దూరంలోని యుద్ధం లెక్కలు అడిగే మనిషి, తన బీపీ ఎంతని అడగలేదు. భయం వల్లనో, అలవాటు వల్లనో, తెలిసి చేసేదేముందన్న భావన వల్లనో, నేను ఊహించను. మన ఇళ్లలో అయితే ఇది నేను రోజూ చూస్తున్నదే. నాన్నగారికి చెప్పకండి, కంగారు పడతారని కొడుకు కళ్లతో సైగ చేస్తాడు. నాన్నగారు అడగరు. ఆ మాత్ర ఎందుకో తెలియని నాన్నగారు నెల తిరక్కుండానే దాన్ని మానేస్తారు.

దేశానికి కూడా చెప్పలేదు. వయసుకు తగ్గ ఆరోగ్యంతోనే ఉన్నాడని మెకింటైర్ పత్రికలకు చెబుతూ వచ్చాడు. 1944 నవంబరులో రూజ్‌వెల్ట్ నాలుగోసారి గెలిచాడు. ఉపాధ్యక్షుడైన హ్యారీ ట్రూమన్‌కు అణుబాంబు తయారీ వివరాలు కూడా అప్పటికి తెలియవు.

యాల్టా నుంచి వార్మ్ స్ప్రింగ్స్‌కు

1945 ఫిబ్రవరిలో నల్లసముద్రం ఒడ్డున యాల్టాలో రూజ్‌వెల్ట్, చర్చిల్, స్టాలిన్ కూర్చున్నారు. యుద్ధం తర్వాతి ఐరోపా ఎలా ఉండాలో మాట్లాడుకున్నారు. పోలెండ్ విషయంలో వాదన ముదిరిన రోజు సాయంత్రం బ్రూయెన్ నాడి పట్టుకుంటే ఒక దెబ్బ బలంగా, తర్వాతి దెబ్బ బలహీనంగా, మళ్లీ బలంగా తగిలింది. గుండె బాగా అలసిందనడానికి అది గుర్తు. మనుషుల్ని కలవడం తగ్గించి, మధ్యాహ్నం పడుకోబెడితే రెండు రోజుల్లో సర్దుకుంది. ఆ జబ్బు వల్లే అక్కడ ఆయన స్టాలిన్‌కు ఎక్కువ ఇచ్చేశాడని రాసినవారున్నారు. ఆలోచన చురుగ్గానే ఉందని బ్రూయెన్ చెప్పాడు. ఆ తగాదా చరిత్రకారులకు వదిలేద్దాం. ఒక వైద్యుడిగా నన్ను ఆపే విషయం వేరే ఉంది. ఆ బల్ల చుట్టూ కూర్చున్న ముగ్గురూ చివరికి పక్షవాతం దెబ్బకే పోయారు. స్టాలిన్ 1953లో మెదడులో రక్తస్రావంతో, చర్చిల్ చాలా ఏళ్ల తర్వాత 1965లో.

మార్చి 1న అమెరికా కాంగ్రెస్‌లో రూజ్‌వెల్ట్ కూర్చునే ప్రసంగించాడు. కాళ్లకున్న ఇనుము బరువు గురించి మొదటిసారి అందరి ముందూ ప్రస్తావించాడు. నెలాఖరుకు వార్మ్ స్ప్రింగ్స్ చేరాడు.

ఏప్రిల్ 12 ఉదయం బ్రూయెన్ చూసినప్పుడు కొద్దిగా తలనొప్పి, మెడ పట్టేసినట్టు ఉందన్నాడు. కాస్త మర్దన చేస్తే తగ్గింది. మధ్యాహ్నం ఒక చిత్రకారిణి ఆయన బొమ్మ గీస్తోంది. ఆయన కాగితాలు చూసుకుంటున్నాడు. ఒంటిగంట దాటి పావుగంటకు తల వెనక భరించలేని నొప్పి అన్నాడు, అలాగే కుర్చీలో వాలిపోయాడు. బ్రూయెన్ పరుగున వచ్చి చూసేసరికి రక్తపోటు 300/190కి మించి ఉంది. ఒక కంటిపాప పెద్దదైంది. మెదడులో భారీ రక్తస్రావం. పాపావెరిన్ ఇంజెక్షన్ ఇచ్చాడు, అమైల్ నైట్రైట్ వాసన చూపించాడు. అప్పటికి ఉన్నవి అవే. మధ్యాహ్నం 3.35కు ప్రాణం పోయింది. వయసు 63.

పిడుగులా వచ్చిపడిందని, ముందు ఏ సూచనా లేదని మెకింటైర్ ప్రకటించాడు. ఎనిమిదేళ్ల అంకెలు ఉన్నాయని మీకు ఇప్పుడు తెలుసు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మన కాలానికి వద్దాం. మీ ఇంట్లో ఎవరికైనా మూతి వంకరపోయినా, ఒక చేయి పైకి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా, జీవితంలో ఎప్పుడూ రానంత తలనొప్పి ఉన్నట్టుండి వచ్చినా 108కి ఫోన్ చేయండి. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయో టైము గుర్తుంచుకోండి. రక్తం గడ్డ వల్ల వచ్చిన పక్షవాతమైతే దాన్ని కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటల గడువే ఉంటుంది. గడ్డా, రక్తస్రావమా అన్నది స్కాన్ తీయకుండా ఎవరూ చెప్పలేరు. ఈలోగా నోట్లో నీళ్లు పోయకండి. ఇంట్లో ఉన్న బీపీ మాత్రను నాలుక కింద పెట్టకండి. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే మెదడుకు ఇంకా నష్టం.

మందు మన దగ్గరే ఉంది

రూజ్‌వెల్ట్ పోయిన మూడేళ్లకు, 1948లో, గుండె జబ్బులపై పరిశోధనకు జాతీయ సంస్థను పెట్టే చట్టం మీద ట్రూమన్ సంతకం చేశాడు. అదే ఏడాది ఫ్రేమింగ్‌హామ్ అనే చిన్న ఊళ్లో ఐదు వేల పైచిలుకు మనుషుల్ని ఏళ్ల తరబడి గమనించే అధ్యయనం మొదలైంది. వయసుకు తగ్గ బీపీ అన్న మాటను అది క్రమంగా పడగొట్టింది. ఒత్తిడి పెరిగిన కొద్దీ గుండెపోటు, పక్షవాతం పెరుగుతాయని చూపించింది.

విచిత్రమేమిటంటే, రక్తపోటు తగ్గించే గుణమున్న మొక్క ఒకటి అప్పటికే మన దేశంలో వైద్యుల చేతిలో ఉంది. సర్పగంధ. 1931లోనే గణనాథ్ సేన్, కార్తిక్ బోస్ అనే ఇద్దరు కలకత్తా వైద్యులు ఇది మానసిక రోగాలకూ, అధిక రక్తపోటుకూ పనిచేస్తోందని రాశారు. అది వాషింగ్టన్ దాకా పోలేదు. 1949లో బొంబాయి గుండె నిపుణుడు రుస్తుం జాల్ వకీల్ యాభై మంది రోగుల్లో ఫలితాలను బ్రిటిష్ పత్రికలో ప్రచురించాకే ప్రపంచం కళ్లు తెరిచింది. 1952లో దాని వేరు నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని స్విట్జర్లాండ్‌లో విడదీశారు. ఇది చదివి సర్పగంధ పొడి కొనుక్కోకండి. మోతాదు తెలియని వేరు ప్రమాదం. మనసును తీవ్రంగా కుంగదీస్తుందన్న భయంతో రిసర్పిన్‌నే మేం ఇప్పుడు దాదాపు వాడటం లేదు.

1950ల చివర్లో మూత్రం ద్వారా ఉప్పును బయటికి పంపే థయాజైడ్ మాత్రలు వచ్చాయి. ఎడ్వర్డ్ ఫ్రైస్ అనే వైద్యుడు అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో కింది అంకె 115 నుంచి 129 మధ్య ఉన్న 143 మందిని తీసుకుని సగం మందికి థయాజైడ్, రిసర్పిన్, హైడ్రలజిన్ కలిపి ఇచ్చాడు. మిగతావారికి ఉత్త మాత్రలు. 1967లో లెక్క తేలింది. ఉత్త మాత్రల వారిలో 27 మందికి తీవ్రమైన ప్రమాదం జరిగింది. మందు వేసుకున్నవారిలో ఇద్దరికే. రూజ్‌వెల్ట్ కింది అంకె 118, 150 అని ఇందాక చదివారు కదా.

ఇప్పుడు మా దగ్గర ఉన్నవి వాటికంటే ఎంతో మెత్తటి మందులు. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, క్లోర్‌థాలిడోన్ పేర్లు మీ ఇంటి స్ట్రిప్పుల మీద కనిపిస్తాయి. రాష్ట్రంలో సర్కారు ఆసుపత్రికి వచ్చేవారికి ఇవి ఉచితంగానే ఇస్తాం. ఒకరికి ఒకటి సరిపోతుంది, ఇంకొకరికి రెండు కావాలి. రెండో మాత్ర ఇచ్చారంటే జబ్బు ముదిరిందని బెంగపడక్కర్లేదు. ఒకే మందు మోతాదు పెంచుకుంటూ పోవడం కంటే రెండు చిన్న మోతాదులు చాలాసార్లు బాగా పనిచేస్తాయి, ఇబ్బందులూ తక్కువ.

ఇబ్బందులు లేవని అనను. ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు ఉబ్బుతాయి. ఎనలాప్రిల్, రామిప్రిల్ రకంతో పొడి దగ్గు రావచ్చు. మూత్రం మాత్రలతో పెద్దవారిలో సోడియం పడిపోయి మగతగా ఉండొచ్చు. టెల్మిసార్టాన్ రకాన్ని గర్భిణులు వాడకూడదు, గర్భం కోసం ప్రయత్నిస్తుంటే ముందే చెప్పాలి. వీటన్నిటికీ మార్గం మందు మార్చడం. మాకు చెబితే మారుస్తాం. మీరే ఆపేసి, ఆరు నెలల తర్వాత అంబులెన్సులో వస్తే మేం చేయగలిగేది తక్కువ. బీటా బ్లాకర్లు, క్లోనిడిన్ లాంటివి ఉన్నట్టుండి ఆపితే ఒత్తిడి ఎగదన్నుతుంది కూడా. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ బీపీని పెంచుతాయి. ఎన్ని మాత్రలు ఇచ్చినా దిగని బీపీ వెనక ఇలాంటి స్ట్రిప్పు బయటపడటం నాకు చాలాసార్లు అనుభవం. ఒక పూట మాత్ర మర్చిపోతే మరుసటి రోజు రెండు కలిపి వేసుకోవద్దు, మామూలుగా కొనసాగించండి.

ఉప్పు సంగతి రూజ్‌వెల్ట్ కాలం నుంచి మారలేదు. రోజు మొత్తానికి ఐదు గ్రాములు, అంటే సుమారు ఒక టీస్పూను. మన ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ ఉన్న భోజనంలో ఆ టీస్పూను మధ్యాహ్నానికే అయిపోతుంది. ఆవకాయ పూర్తిగా మానమని నేను చెప్పను. చెప్పినా మీరు వినరు. కొత్త ఆవకాయ రోజుల్లో మజ్జిగలో, అన్నంలో ఉప్పు మానేసి చూడండి.

ఇంట్లో బీపీ మిషన్ ఉంటే ఐదు నిమిషాలు కుదురుగా కూర్చుని, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, చేయి గుండె ఎత్తులో ఉంచి చూసుకోండి. అరగంట ముందు కాఫీ, సిగరెట్ వద్దు. చూస్తున్నంతసేపూ మాట్లాడొద్దు. ఇంట్లో 135/85 దాటుతూ ఉంటే డాక్టరుకు చూపించండి. 180/120 కనిపిస్తే కంగారుపడి పది నిమిషాలకోసారి పట్టీ బిగించుకోకండి. ఐదు నిమిషాలు ఆగి మరోసారి చూడండి. అంతే ఉండి, ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు తగ్గడం, తికమక, ఇందాక చెప్పిన పక్షవాతం గుర్తుల్లాంటివి ఉంటే వెంటనే ఆసుపత్రికి. అవేవీ లేకపోతే ఆ రోజే డాక్టరుతో మాట్లాడండి. అంకెలు ఒక పుస్తకంలో తేదీతో రాసుకోండి. మా దగ్గరికి వచ్చేటప్పుడు ఆ పుస్తకం, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు, మోకాళ్ల నొప్పులవి కూడా, ఒక సంచిలో వేసుకుని రండి.

రూజ్‌వెల్ట్ ఆసుపత్రి రికార్డు ఆయన మరణం తర్వాత కనిపించకుండా పోయింది. ఇవాళ మనకు ఇన్ని వివరాలు తెలిశాయంటే అది బ్రూయెన్ వల్లే. ఆయన 1970లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో ఆ ఏడాది కాలం సంగతులన్నీ రోజులవారీగా ప్రచురించాడు. అప్పటికి థయాజైడ్లు మందుల షాపుల్లో దొరుకుతున్నాయి, ఫ్రైస్ లెక్కలు అచ్చయ్యాయి. ఈ మందులు ఆనాడే తన చేతిలో ఉండి ఉంటే తర్వాతి చరిత్ర ఎలా నడిచి ఉండేదోనని తాను తరచూ ఆలోచిస్తుంటానని ఆ వ్యాసం చివర్లో రాసుకున్నాడు.